రెండో స్లాటు

మధ్యాహ్నం రెండూ నలభైకి ఫొటోగ్రాఫరు కార్డుల పర్సు జిప్పు లాగి, బల్లమీద విప్పి పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

పర్సులో పన్నెండు అరలు. అరకొక మెమరీ కార్డు. ఆ స్టూడియోలో పద్నాలుగేళ్లుగా ఒకటే పద్ధతి: ఫొటోలు నిండిన కార్డు బోర్లా, ఖాళీ కార్డు వెల్లకిలా. బోర్లా ఉన్నదాన్ని కాపీ చెయ్యాలి, చేసింది సరిచూసుకోవాలి, ఆ తర్వాతే వెల్లకిలా తిప్పాలి. చీటీలు అక్కర్లేదు, అడగడాలు అక్కర్లేదు. చీకట్లో కూడా వేలితో తడిమితే తెలుస్తుంది. కార్డు పైవైపు నున్నగా ఉంటుంది, అడుగువైపు సన్నటి గాడులు తగులుతాయి.

ఏడో అరలో కార్డు వెల్లకిలా ఉంది.

"ఒరేయ్ డిస్కౌంటూ!"

ముందుగదిలో కౌంటరు చూసుకునే బావమరిదికి ఆ పేరు ఊరికే రాలేదు. ఇద్దరు పిల్లల తండ్రి, చెవుల దగ్గర నెరుపు కూడా మొదలైంది. అయినా గోడమీద 'తగ్గింపు' అన్న మాట కనిపిస్తే చాలు, కాళ్లు అక్కడే పాతుకుపోతాయి. తలుపు సందులోంచి తల పెట్టాడు.

"పిలిచావా బావా?"

"లేదు, గొంతు సవరించుకున్నాను. ఏడో నంబరు ఎవడు తిప్పాడు?"

"నేను ముట్టుకోలేదు."

"మరి నిద్రలో అదే దొర్లిందా? ఖాళీ అనుకుని దీన్ని తుడిచేసి ఉంటే నా బతుకేమయ్యేది?"

"నా మీద కోపం ఆ పెద్ద కార్డు గురించైతే సూటిగా చెప్పు బావా. దీనికెందుకు ముడిపెడతావు?"

ఆ మాటతో మంట మీద కిరసనాయిలు పడ్డట్టయింది. కిందటి నెల నాలుగు చిన్న కార్డులు తెమ్మంటే, ఆ నాలుగింటికి రెట్టింపు పట్టే ఒక్క పెద్ద కార్డు తెచ్చాడు. చవకన్నాడు. చిన్న కార్డు ఒకటి చెడితే ఒక గంట పని పోతుందిరా, పెద్దది చెడితే పెళ్లి మొత్తం పోతుంది అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు ఫొటోగ్రాఫరు. చెవిటివాడి ముందు శంఖం. బయట పనుల మీద వెళ్లినప్పుడు కార్డులు ఖాళీ చేసుకునే కాపీ పెట్టె సంగతీ అంతే. అరచేతంత పెట్టె, లోపల హార్డ్ డిస్కు, అగ్గిపెట్టెంత తెర. కాపీ అయ్యాక అసలుతో పోల్చి చూసేది తెమ్మన్నాడు. వాడు తెచ్చింది పోల్చదు. పని అవగానే 'అయిపోయింది' అని మాత్రం చూపిస్తుంది. ఏది అయిపోయిందో ఆ పెట్టెకే తెలియదు.

"సర్లే, పో. ఐదింటికి ఆవిడ వస్తుంది. ఈలోగా నా కళ్లపడకు."

ఆవిడ అంటే పెద్ద టీచరు కూతురు.

పదమూడు రోజుల కిందట ఆ కూతురి యాభయ్యో పుట్టినరోజుకి ఫొటోలు తీయడానికి వెళ్లాడు. పెద్ద టీచరుకి డెబ్భై ఎనిమిది. నలభై ఏళ్లు బడి నడిపి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిన మనిషి. అందరూ సోఫా చుట్టూ సర్దుకుంటుంటే ఆవిడ ఒక్కతే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయింది. "అమ్మ ఫొటో దిగదండీ, బతిమాలకండి" అన్నారెవరో. ఇతనూ బతిమాలలేదు. కానీ కాసేపటికి వరండాలోంచి చూస్తే, కిటికీ దగ్గర నిలబడి ఆవిడ బయటికి చూస్తోంది. పల్చటి తెర మీంచి జారిన వెలుగు బుగ్గ మీద, నుదుటి ముడతల మీద పరుచుకుని ఉంది. అలాంటి వెలుగు ఏడాదికొకసారి దొరుకుతుంది. చెయ్యి ఆగలేదు.

ఒక్క క్లిక్కు. అది ఆవిడ చెవిన పడింది.

"ఎవర్నడిగి తీశావబ్బాయ్?"

"వెలుగు బాగా పడిందండీ, టీచరుగారూ..."

"వెలుగు పడితే నా మొహం నీదైపోతుందా? చెరిపెయ్. నా ముందే చెరిపెయ్. ఏదీ, చూపించు."

చూపించాడు. ఆవిడ ఎదుటే మీట నొక్కాడు. తెర మీద మొహం మాయమైంది.

"ఇంకెక్కడా లేదుగా?"

"లేదండీ."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

"లేదండీ."

అతని కెమెరాలో కార్డులకి రెండు స్లాట్లు. తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ ఒకేసారి పడుతుంది. తెరమీద చూసి చెరిపితే మొదటి కార్డులోది పోతుంది, రెండోదాంట్లోది అలాగే ఉంటుంది. ఒక కార్డు మొరాయిస్తే రెండోది ఆదుకుంటుందని చేసిన ఏర్పాటది. అబద్ధాన్ని దాచుకోవడానికి పనికొస్తుందని అతనికి ఆ రోజే తెలిసింది. దారిలో కాస్త సిగ్గేసింది, తర్వాత మరిచిపోయాడు. రెండో స్లాటులోని కార్డు వచ్చి ఏడో అరలో బోర్లా పడుకుంది.

వారం తిరక్కుండా పెద్ద టీచరు గుండె ఆగి పోయింది. నిన్న కూతురు ఫోను చేసింది. "ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటి లేదండీ. గుర్తింపు కార్డు మీద ముద్ర పడి మొహం తెలియడం లేదు. పాత ఆల్బమ్‌లు ఎప్పుడో చెదలు తినేశాయంది. ఆరు రోజులైంది... కళ్లు మూసుకుంటే అమ్మ చెయ్యి గుర్తొస్తోంది గానీ మొహం రావట్లేదు. ఏ మూలైనా, పక్కనుంచైనా, పడిందేమో చూడండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"ఉందమ్మా" అన్నాడతను. "ఒకటుంది. చాలా మంచిది." అవతల ఆవిడ ఏడ్చిన ఏడుపు విన్నాక, చచ్చిపోయినావిడకిచ్చిన మాట అతనికి గడ్డిపోచలా తోచింది.

ఎడిటింగ్ గది స్టూడియోకి చిట్టచివర ఉంటుంది. ఒకప్పుడు ఫిల్ములు కడిగిన చీకటి గది. కిటికీ లేదు. గోడలకి నల్లరంగు. ఇన్నేళ్లయినా వానాకాలం వస్తే గోడల్లోంచి పులిసిన మందు వాసన ఊరుతుంది. ఏడో నంబరు కార్డుని రీడరులో పెట్టాడు. రెండు వందల పద్దెనిమిది ఫొటోలూ ఉన్నాయి. నూట నలభై ఏడోది పెద్ద టీచరు. కిటికీ, తెర, వెలుగు, మొహం. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే మళ్లీ కోపమొచ్చింది: ఇంత మొహం పెట్టుకుని, జన్మలో ఒక్కసారైనా కూతురి పక్కన నిలబడి ఒక్క ఫొటో దిగితే ఏం పోయేది ఈ మనిషికి?

కంప్యూటరులోకి కాపీ చేసి తెరిచాడు.

కిటికీ ఉంది. తెర ఉంది. చీర అంచు ఉంది, మెడ ఉంది. మొహం ఉండాల్సిన చోట కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి ఖాళీ. అంచు ఎక్కడా చెదరలేదు. ఓపికున్న చెయ్యి నెమ్మదిగా కత్తిరించినట్టుంది.

మిగతా రెండు వందల పదిహేడూ తెరిచి చూశాడు. ఒక్కదానికి గీత పడలేదు. కార్డులో చూస్తే మొహం ఉంది. కాపీలో లేదు. మళ్లీ కాపీ చేశాడు. లేదు.

"డిస్కౌంటూ! ఈ కార్డు ఎక్కడ కొన్నావురా? అసలుదా, నకిలీదా?"

"బిల్లుంది బావా, మంచి షాపే" అంటూ వచ్చిన బావమరిది తెర చూసి ఆగిపోయాడు. "ఇదేంటి? కత్తెర పెట్టినట్టుంది..."

"కత్తెరా లేదు, గిత్తెరా లేదు. నీ చవకబేరం. నువ్వు తెచ్చిన ఆ పెట్టె పట్రా. దాన్లో వేసి చూద్దాం."

కాపీ పెట్టెలో కార్డు పెట్టి మీట నొక్కారు. లోపల డిస్కు గుర్రుమని తిరిగింది. 'అయిపోయింది' అంది. అగ్గిపెట్టెంత తెరమీద నూట నలభై ఏడోది తెరిచారు. గోరంత కిటికీ. గోరంత మనిషి. శనగగింజంత తెల్లటి ఖాళీ.

ఫొటోగ్రాఫరుకి పట్టుదల వచ్చింది. కాపీ చేస్తే పోతోంది కదా, అసలు కాపీయే చెయ్యొద్దు. ప్రింటరుకి కార్డు పెట్టే చోటుంది. కార్డు నేరుగా దాన్లో దూర్చి, మంచి ఫొటో కాగితం పెట్టి, నొక్కాడు.

ప్రింటరు ఎప్పట్లాగే ఈల వేసింది. కాగితాన్ని లోపలికి లాక్కుంది. తర్వాత, ఆ యంత్రం పద్నాలుగేళ్లలో ఎన్నడూ చెయ్యని చప్పుడొకటి వినిపించింది.

కచ్... కచ్... కచ్...

తొందర లేదు. మధ్య మధ్య ఆగుతోంది. వంపు దగ్గర కాగితం తిప్పుకోవడానికి ఆగినట్టు.

కాగితం బయటికొచ్చింది. రంగులు తడిగా మెరుస్తున్నాయి. మొహం చోట కన్నం. ఈసారి బొమ్మలో ఖాళీ కాదు, కాగితానికే కన్నం. దాంట్లోంచి ఫొటోగ్రాఫరు బొటనవేలు కనిపిస్తోంది.

ఇద్దరూ ప్రింటరు మూత తీశారు. టార్చి వేశారు. చక్రాలు విప్పారు. బల్లకింద పాకారు. కత్తిరించిన ముక్క ఎక్కడా లేదు. లేచి నిలబడేసరికి గదిలో వాసన మారింది. పులిసిన మందు వాసన పోయి, ఇంకేదో... మోకాళ్లకి రాసుకునే బామ్ వాసన. దాని వెనక సుద్దపొడి.

"బావా" అన్నాడు డిస్కౌంటు నెమ్మదిగా. "ఆవిడ చెరిపెయ్యమన్నదా?"

అతను టార్చి ఆర్పి బల్లమీద పెట్టాడు.

"నువ్వు చెరిపేశానన్నావా?"

"నోరుముయ్."

"అబద్ధం నువ్వాడి, కార్డు నకిలీదని నన్ను తిట్టావా? బాగుంది. మా అక్కతో చెప్తానుండు." వాడి గొంతులో వెటకారం ఉంది గానీ పెదాలు తెల్లబడ్డాయి. "చెరిపెయ్ బావా. నా మాట విను."

"ఆ కూతురు ఐదింటికి వస్తుందిరా. వాళ్లమ్మ మొహం అడుగుతోంది. కన్నం చూపించనా? పోయినావిడ పంతం పెద్దదా, ఉన్నదాని ఏడుపు పెద్దదా? నేను చెరపను. ఏం చేస్తుందో చెయ్యమను!"

"అలా అనకు" అని డిస్కౌంటు వెనక్కి నడిచాడు. "నేను ముందుగదిలో ఉంటా... ఎవరైనా వస్తే చూడాలిగా."

తలుపు మూసుకుంది. నాలుగూ పదికి కరెంటు పోయింది.

బయట ఎండ కాస్తోంది. ఆ గదిలో మాత్రం చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కనపడదు. ప్రింటరు చప్పున ఆరిపోయింది. కంప్యూటరు ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. బ్యాటరీతో నడిచే కాపీ పెట్టె తెర ఒక్కటే వెలుగుతోంది. అగ్గిపెట్టెంత నీలం వెలుగు. దాంట్లో శనగగింజంత తెలుపు.

అతని కుర్చీ వెనక చెప్పుల చప్పుడు. బల్లల వరసల మధ్య పరీక్షనాడు నడిచే నడక. రెండడుగులు... ఆగడం. రెండడుగులు... ఆగడం.

సరిగ్గా వెనక ఆగింది.

"ఏదీ..." అంది గొంతు. గుసగుసే. అయినా ఆఖరి బెంచీదాకా వినపడే గుసగుస. "చూపించు."

భయం కన్నా ముందు నోట్లోంచి వచ్చింది కోపమే.

"ఏం చూపించాలి? మీరు చచ్చిపోయారు! మొహంతో మీకేం పని? మీ అమ్మాయికి మీ మొహం గుర్తు రావట్లేదట. అది తెలుసా మీకు?"

బామ్ వాసన దగ్గరైంది. మెడమీద ఊపిరి తగలలేదు. తగిలితే బాగుండుననిపించింది.

"నా ముందే..." అంది గొంతు.

"చెరపను."

చెప్పులు కదిలాయి. బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాయి. అక్కడ ఏదో జరుగుతోంది. చిన్న చప్పుడు. టిక్. కాసేపటికి మళ్లీ టిక్. ప్లాస్టిక్ మీద గోరు తగిలినట్టు. అతను లెక్కపెట్టాడు. ఐదు... ఆరు... ఏడో టిక్కు రాలేదు. ఒక జాగా వదిలేసి మళ్లీ మొదలైంది. పదకొండు టిక్కులయ్యాక ఆగింది.

చెయ్యి చాచి పర్సు తడిమాడు. మొదటి అర. నున్నగా ఉంది. రెండో అర. నున్నగా. మూడు, నాలుగు, ఐదు... ఉదయం అతను స్వయంగా బోర్లా పెట్టిన కార్డులు. ఎవరివో పెళ్లిళ్లు. ఎవరి పాపదో మొదటి అడుగు. ఇంకా కాపీ చెయ్యనివి, ఈ లోకంలో ఆ ఒక్కచోటే ఉన్నవి.

అన్నీ వెల్లకిలా.

"వద్దు" అన్నాడు. "వద్దండీ... అవి వాళ్లవి... వాళ్లేం చేశారు..."



ప్రింటరులోంచి ఏడో కార్డు పీకాడు. కెమెరా వెతికాడు. మూత తీశాడు. మొదటిసారి తప్పు స్లాటులో దూర్చాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. తెర వెలిగింది. నూట నలభై ఏడు. కిటికీ, వెలుగు, మొహం. ఇంత అందమైన ఫొటో ఇక జన్మలో తీయలేనని ఆ క్షణంలో కూడా అనిపించింది. కెమెరాని పైకెత్తి చీకటి వైపు తిప్పి పట్టుకున్నాడు. బొటనవేలితో మీట నొక్కాడు.

మొహం మాయమైంది. తర్వాత కాపీ పెట్టెలోదీ చెరిపాడు. ఆ ఆఖరి నీలం వెలుగు కూడా పోయింది.

"ఇంకెక్కడా లేదుగా?"

"లేదండీ."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

అతను తలెత్తలేదు. ఎత్తలేకపోయాడు. నేల ఎక్కడుందో కనిపించని చీకట్లో, నేలవైపే చూస్తూ చెప్పాడు.

"లేదండీ..."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కరెంటొచ్చింది. నాలుగూ ఇరవై రెండు. గదిలో ఎవరూ లేరు. పదకొండు కార్డుల్నీ ఒక్కొక్కటే రీడరులో పెట్టి చూశాడు. పెళ్లిళ్లు ఉన్నాయి. పాప అడుగు ఉంది. ఒక్కటీ పోలేదు. అప్పుడు మాత్రం అతనికి కళ్లనీళ్లు తిరిగాయి, కోపంతోనో ఇంకెందుకో.

ఐదింటికి కూతురు వచ్చింది. చేతిలో ఫ్రేము కూడా తెచ్చుకుంది, ముందే కొనుక్కుని.

"కార్డు పాడైందమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"నిన్న ఉందన్నారు."

"ఉంది... అప్పటికి ఉంది."

"చాలా మంచిదన్నారు. రాత్రంతా నేను నిద్రపోలేదు, తెలుసా మీకు? లేదని నిన్ననే చెప్పి ఉంటే ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. నన్ను రెండుసార్లు ఏడిపిస్తారా?" గొంతు పెంచలేదావిడ. వాళ్లమ్మ పోలికేమో. "ఫొటోలు భద్రంగా దాచడం చేతకాని వాళ్లకి స్టూడియో ఎందుకండీ? మూసెయ్యండి."

ఫ్రేము కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఐదు రోజుల తర్వాత, శనివారం పొద్దున్నే ఆవిడ మళ్లీ వచ్చింది. మనిషి వేరేగా ఉంది. నవ్వుతోంది, ఏడుస్తోంది. చేతిలో రేకు డబ్బా, బడికి సుద్దముక్కలొచ్చే డబ్బా.

"మిమ్మల్ని అనకూడని మాటలన్నాను, మనసులో పెట్టుకోకండి. బీరువా అడుగు అరలో దొరికిందిది. చెదలు తిన్నాయని అబద్ధం చెప్పింది మా అమ్మ. ఆల్బమ్‌ల్లోంచి తన మొహాలన్నీ కత్తిరించి దాచుకుంది! ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. ముప్ఫై ఏడున్నాయి. రెండు జడలప్పటి నుంచీ ఉన్నాయి. చూడండి, వెనక ఎర్రసిరాతో టిక్కు పెట్టి తేదీ కూడా వేసింది, పరీక్ష పేపర్లు దిద్దినట్టు."

కౌంటరు మీద పరిచింది. అన్నీ కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి.

"ముప్ఫై ఎనిమిదోది ఇదిగో. ఇది మీరు తీసిందే కదూ? మా కిటికీ వెలుగే. బతికుండగానే ఆవిడకిచ్చి, నాతో పాడైందన్నారెందుకు? చెప్పొద్దని ఒట్టు పెట్టిందా? సరేలెండి." తిప్పి చూపించింది. టిక్కు. తేదీ. "దీనికొక్కదానికి తేదీ తప్పు వేసింది పాపం. మొన్న సోమవారం తేదీ వేసింది. అప్పటికి పోయి ఏడు రోజులు."

డిస్కౌంటు కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"ఇంకొకటుంది. ఇది మాత్రం ఏమిటో అర్థం కాలేదు. మీ కాగితంలా ఉంటే తెచ్చాను, మీరే ఉంచుకోండి."

అదీ కోడిగుడ్డు ఆకారమే. మెరిసే ఫొటో కాగితం. దానిమీద ఏమీ లేదు, ఇంకో మొహం కోసం ఉంచినట్టు తెల్లగా ఉంది. వెనక అతని స్టూడియో ముద్ర సగానికి తెగి ఉంది. ముద్ర కింద ఎర్రసిరాతో తేదీ ఉంది. టిక్కు లేదు.

తేదీ వచ్చే బుధవారానిది.